వయసు మీదపడిన రాక్ బ్యాండును ఎలా వినాలి? అనంతపురం నుంచి కచేరీకి బయల్దేరే పాత అభిమానుల కోసం

కచేరీ అయి బయటికొస్తూనే పాత అభిమానుల నోట రెండు మాటలు వినబడతాయి. "గొంతు పోయిందప్పా" అనేది ఒకటి. "ఈ వయసులో కూడా ఏం వాయించినారప్పా" అనేది రెండోది. మొదటిది 30 ఏళ్ల కిందటి క్యాసెట్‌తో పోల్చి అన్న మాట. రెండోది అభిమానం కొద్దీ వచ్చిన మాట. ఆ రాత్రి స్టేజీ మీద నిజంగా ఏం జరిగిందో రెండిట్లోనూ ఉండదు. ఏది మారింది, ఎంత మారింది, ఎందుకు మారింది అని పట్టుకోవడం చెవికి నేర్పితే వస్తుంది. అందుకు సంగీతం చదువుకుని ఉండాల్సిన పని లేదు. ఫోనులో ఒక ట్యూనర్ యాప్ (మోగే స్వరం పేరు చూపించేది), ఒక గడియారం, కాగితం, పెన్ను ఉంటే చాలు. కచేరీకి నెల ముందు మొదలుపెట్టండి.

ముందు మీ జ్ఞాపకాన్ని సరిచూసుకోండి

మన దగ్గర పాత అభిమానుల్లో చాలామంది ఈ పాటలు విన్నది క్యాసెట్ల మీద. టేప్ రికార్డర్ బెల్టు సాగితే టేపు నెమ్మదిస్తుంది, నెమ్మదిస్తే శ్రుతి కూడా దిగుతుంది. వేగంలో 6 శాతం తేడా వస్తే శ్రుతి ఒక మెట్టు, అంటే హార్మోనియంలో తెల్లా నల్లా కలిపి పక్క మీటంత, మారుతుంది. 3 శాతానికే అర మెట్టు మారుతుంది. అంటే మీ చెవిలో నాటుకున్న "అసలు పాట" అసలుది కాకపోవచ్చు. వీడియోల్లో దీనికి ఎదురు చిక్కు ఒకటుంది. సెకనుకు 24 ఫ్రేములతో తీసిన కచేరీ ఫిల్ములను మన టీవీ పద్ధతికి, అంటే 25 ఫ్రేములకు మార్చినప్పుడు 4 శాతం వేగం పెరుగుతుంది, గొంతు ముప్పావు మెట్టు దాకా పైకి వినిపిస్తుంది. అట్లాంటి వీడియో చూసి "ఆ రోజుల్లో ఎంత పైకి పాడేవాడో" అని లెక్క కట్టినవాళ్లు ఉన్నారు.

కాబట్టి మొదటి పని: బ్యాండు పాటల్లో ఐదింటిని ఎంచుకుని, అధికారిక విడుదలల్లోనే మళ్లీ వినండి. ఐదూ ఒకే రకంవి వద్దు. గాయకుడు బాగా పైస్థాయికి వెళ్లేది ఒకటి, వేగంగా పరిగెత్తేది ఒకటి, మెల్లగా సాగేది ఒకటి, పొడవాటి గిటార్ సోలో ఉన్నది ఒకటి, జనమంతా గొంతు కలిపేది ఒకటి. ఒక్కోదానికీ శ్రుతి, వేగం, గాయకుడు అందుకునే అన్నిటికన్నా పై స్వరం ఏ చోట వస్తుందో రాసిపెట్టుకోండి.

రెండో పని: అవే ఐదు పాటలను గత రెండేళ్ల కచేరీ వీడియోల్లో వినండి. పాటల వరుస కావాలంటే సెట్‌లిస్ట్ ఎఫ్ఎమ్ సైటులో ఊరు, తేదీ వారీగా దొరుకుతుంది. వీడియోలతో ఒక జాగ్రత్త: కాపీరైట్ పట్టుబడకుండా కొందరు శ్రుతి మార్చి ఎక్కిస్తారు. ఒకే రాత్రి కచేరీని ఇద్దరు వేర్వేరు మనుషులు తీసిన వీడియోల్లో చూసి, రెండూ కలిస్తేనే నమ్మండి. ఫోను వీడియో చూసి గొంతు మీద తీర్పు మాత్రం ఇవ్వొద్దు. పెద్ద శబ్దం తగలగానే ఫోను మైకు తనంతట తానే అన్నిటినీ అణిచేస్తుంది. బేస్ దెబ్బ పడిన ప్రతిసారీ గొంతు లోపలికి పోయినట్టు వినబడుతుంది. అది గాయకుడి తప్పు కాదు.

శ్రుతి దించారా?

దీన్ని అర్థం చేసుకోవడం మన సీమలో సులువు. పద్య నాటకం చూసినవాళ్లకు తెలుసు: వయసులో ఐదు శ్రుతిలో పద్యం ఎత్తుకున్న నటుడు, ఏళ్లు గడిచాక హార్మోనిస్టును నాలుగున్నర, నాలుగు పట్టమంటాడు. జనం దాన్ని తప్పుగా తీసుకోరు. పద్యం నిండుగా వచ్చిందా, రాగం నిలిచిందా అని చూసి "వన్స్ మోర్" అంటారు. రాక్ బ్యాండు చేసేదీ అదే. గిటార్లో లావు తీగ మామూలుగా ఇ స్వరం, మన లెక్కలో మూడు శ్రుతి, 82.4 హెర్ట్జ్. ఒక మెట్టు దించితే ఇ ఫ్లాట్, అంటే రెండున్నర, 77.8 హెర్ట్జ్. రెండు మెట్లు దించితే డి, రెండు శ్రుతి, 73.4 హెర్ట్జ్. పాట మొదట్లో గిటార్ ఒక్కటే మోగేటప్పుడు ట్యూనర్ యాప్ తెరిస్తే స్వరం పేరు చూపిస్తుంది. డ్రమ్స్ మొదలయ్యాక యాప్ తడబడుతుంది, అప్పుడు చూసి లాభం లేదు.

ఇక్కడ చాలామంది పొరబడతారు. కొన్ని బ్యాండ్లు మొదటి నుంచీ ఒక మెట్టు దించే రికార్డు చేశాయి. గన్స్ అండ్ రోజెస్ తొలి ఆల్బమ్ అట్లాంటిదే. అక్కడ ఇ ఫ్లాట్ చూపించిందని "ముసలితనానికి దించినారు" అంటే తప్పు. అందుకే ముందు రాసుకున్న కాగితంతో పోల్చాలి.

దించడానికి కారణం శరీరంలోనే ఉంది. వయసు పైబడే కొద్దీ స్వర తంత్రుల కండ పలచబడుతుంది, పైపొర గట్టిపడుతుంది. రెండు తంత్రులూ పూర్తిగా కలవక మధ్యలో సందు మిగిలి గాలి జారిపోతుంది. ఊపిరితిత్తుల సాగే గుణం కూడా తగ్గుతుంది. దాంతో మొదట పోయేది పైస్థాయి, ఆ తర్వాత ఒకే స్వరాన్ని ఎక్కువసేపు పట్టి నిలిపే శక్తి. మధ్యస్థాయి చాలాకాలం నిలుస్తుంది, కొందరిలో ఇంకా చిక్కబడుతుంది కూడా. కాబట్టి అరుపు తగ్గిందని ఆగిపోకుండా, పల్లవి ముందు వచ్చే మెల్లని చరణాలు వినండి. మంచి గాయకుడు వయసులో సంపాదించినదంతా అక్కడే బయటపడుతుంది.

శ్రుతి దించకుండానే పని నడిపే దారులూ ఉన్నాయి. పై స్వరానికి బదులు దానితో పొసగే కింది స్వరం పాడతారు. లేదా ఆ ఒక్క మాట దగ్గర మైకు జనం వైపు తిప్పుతారు. లేదా పాటనే వదిలేస్తారు: డీప్ పర్పుల్ బ్యాండు గాయకుడు, 1945లో పుట్టిన ఇయాన్ గిలన్, వాళ్ల 1970 ఆల్బమ్‌లోని "చైల్డ్ ఇన్ టైమ్" అనే పది నిమిషాల కేకల పాటను ఎన్నో ఏళ్లుగా స్టేజీ మీద పాడడం లేదు. అట్లాంటి పాట కోసం జనంలోంచి పదే పదే అరవడం అభిమానం అనిపించుకోదు. రాని స్వరం కోసం గొంతు చించుకుని మిగతా పర్యటన పోగొట్టుకోవడం కన్నా వదిలేయడం ఆయన చేసిన మంచి పని.

వేగం, డ్రమ్స్

కాలితో తాళం వేస్తూ 30 సెకన్లలో ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టి రెండుతో హెచ్చించండి. 15 సెకన్లు చాలనుకుంటే ఒక్క దెబ్బ తప్పినా లెక్కలో 4 తేడా వస్తుంది. నిమిషానికి 120 దెబ్బల పాట 114కు దిగితే శరీరానికి తెలుస్తుంది, చెవికి వెంటనే తెలియదు. పాట మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి లెక్కించండి. చివర్లో దిగితే డ్రమ్మర్ అలసిపోయాడని అర్థం. మొదలు నుంచి తుది దాకా చెక్కినట్టు ఒకే లెక్క వస్తే చెవిలో క్లిక్ (తాళం చూపే టిక్ టిక్ శబ్దం) పెట్టుకుని వాయిస్తున్నట్టు. డ్రమ్మర్లకు దెబ్బ ముందు తగిలేది మణికట్టు, మోచేయి, భుజం, నడుములకే. రష్ బ్యాండు డ్రమ్మర్ నీల్ పీర్ట్ 2015లో పర్యటనలు మానడానికి భుజం, స్నాయువుల బాధలు ఒక పెద్ద కారణం.

రికార్డు చేసిన ట్రాక్ వాడుతున్నారా అనేది అందరూ అడిగే ప్రశ్న. మైకు నోటి నుంచి దూరం జరిగినా గొంతు అదే బలంతో వస్తుంటే, స్టేజీ మీద ముగ్గురే పాడుతుండగా ఐదు గొంతులు వినబడుతుంటే అనుమానించండి. దూరంగా నిల్చుని స్క్రీను చూస్తూ "పెదవులు కలవడం లేదు, అంతా రికార్డే" అని మాత్రం అనకండి. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. మీరు 70 మీటర్ల దూరంలో ఉంటే పాట మీ దగ్గరికి 0.2 సెకను ఆలస్యంగా చేరుతుంది. పెదవులు కలవకపోవడమే అక్కడ సహజం.

ఎక్కడ నిల్చోవాలి

సౌండ్ ఇంజనీరు కూర్చునే మిక్సింగ్ డెస్క్ ఎక్కడుందో లోపలికి పోగానే చూసుకోండి. దానికి కొంచెం ముందో, పక్కనో, స్టేజీకి నడిమధ్య గీతకు దగ్గరగా నిల్చోండి. కచేరీ మొత్తం ఆ చోటి చెవికి సరిపోయేట్టు కలుపుతారు. బారికేడు పట్టుకుని ముందు వరసలో నిల్చుంటే ముఖాలు కనబడతాయి, కానీ గొంతు సరిగా వినబడదు; పైన వేలాడే స్పీకర్లు మీ తలల మీదుగా వెనక్కి కొడతాయి, ముందు మిగిలేది సబ్‌వూఫర్ల (బేస్ స్పీకర్ల) దెబ్బ, గిటార్ ఆంప్ శబ్దం. ముందు వరసలో విన్నవాళ్లు "గొంతు లేదు" అంటే సగం కారణం ఇదే.

మొదటి మూడు పాటలకు తీర్పు వద్దు. మధ్యాహ్నం ఖాళీ మైదానంలో సౌండ్ సరిచూస్తారు. సాయంత్రం వేల ఒళ్లు నిండాక శబ్దం మారుతుంది, ఇంజనీరు అప్పుడు మళ్లీ దిద్దుతాడు. పెద్ద వయసు గొంతు వేడెక్కడానికి కూడా అంత సేపు పడుతుంది. నాలుగో పాట నుంచి మీ కాగితం తీయండి. మధ్యలో డ్రమ్ సోలోనో, గిటార్ సోలోనో పొడవుగా వస్తే గాయకుడికి ఊపిరి దొరకడానికే. దాని తర్వాత వచ్చే పాట ఎట్లా పాడాడో తప్పక రాసుకోండి. ఆ రాత్రి గొంతు ఎంత మిగిలిందో అక్కడ తేలిపోతుంది.

మీ చెవి వయసు కూడా లెక్కలో వేసుకోండి

బ్యాండుకు వయసొచ్చినట్టే వినేవాళ్లకూ వచ్చింది. యాభై దాటాక పైస్థాయి శబ్దాలు ముందు తగ్గుతాయి. సింబల్స్ మెరుపు, మాటల్లో స, ఫ లాంటి అక్షరాల అంచు మొద్దుబారుతుంది. "మాటలు స్పష్టంగా లేవు" అనే ముందు పక్కనున్న ఇరవై ఏళ్ల పిల్లవాణ్ని అడగండి. వీలైతే కచేరీకి ముందే ఈఎన్‌టీ డాక్టరు దగ్గర ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించుకుంటే, ఏం వినబడదో ముందే తెలుస్తుంది.

ఉన్న వినికిడి కాపాడుకోవడం ఇంకా ముఖ్యం. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు తట్టుకునే చెవికి, ప్రతి 3 డెసిబెల్స్‌కు సమయం సగమవుతుంది. 94 దగ్గర గంట, 100 దగ్గర 15 నిమిషాలే. రాక్ కచేరీ రెండు గంటలు 100 దగ్గరే తిరుగుతుంది. మందుల షాపులో దొరికే స్పాంజి ఇయర్ ప్లగ్ చెవిని కాపాడుతుంది కానీ పైస్థాయిని ఎక్కువ కోసి పాటను మసక చేస్తుంది. సంగీతకారుల కోసం చేసే ఫిల్టర్ ప్లగ్స్ అన్ని స్థాయిలనూ దాదాపు సమంగా తగ్గిస్తాయి, గొంతు అంచు మిగులుతుంది. స్పాంజివే అయితే వేళ్లతో సన్నగా చుట్టి, మరో చేత్తో తల వెనక నుంచి చెవిని పైకి లాగి, లోపలికి తోసి, ఉబ్బే దాకా అర నిమిషం వేలితో అదిమి పట్టాలి. సగం బయట వేలాడితే పెట్టుకోనట్టే లెక్క.

నాలుగైదు గంటలు నిలబడాలి. బీపీ, షుగర్ మాత్రలు చీటీతో సహా జేబులో ఉండాలి, ఎందుకంటే బయటికి పోతే మళ్లీ లోపలికి రానివ్వరు. నీళ్ల సీసా గేటు దగ్గరే తీసేసుకుంటారు. లోపలికి పోగానే నీళ్లు ఎక్కడ దొరుకుతాయో చూసుకోండి.

మనిషి మారినప్పుడు, కూర్చుని పాడినప్పుడు

అందరూ పాతవాళ్లే ఉండాలని పట్టుబట్టకండి. డ్రమ్మర్ చార్లీ వాట్స్ 2021లో పోయాక రోలింగ్ స్టోన్స్‌కు స్టీవ్ జోర్డాన్ వాయిస్తున్నాడు. 2023లో పక్షవాతం వచ్చినా తిరిగి వాయించిన ఐరన్ మెయిడెన్ డ్రమ్మర్ నికో మెక్‌బ్రెయిన్ 2024 డిసెంబరులో పర్యటనలు మానుకున్నాడు. కొత్తవాడిని పాతవాడికి నకలుగా కొలవొద్దు. పాట నడకలో మిగతావాళ్లు అతనితో సుఖంగా ఉన్నారా, తలలు తిప్పి ఒకరినొకరు చూసుకోవాల్సి వస్తోందా అని చూడండి. జెనెసిస్ చివరి పర్యటనలో ఫిల్ కాలిన్స్ కుర్చీలో కూర్చుని పాడాడు, డ్రమ్స్ కొడుకు వాయించాడు. 2025 జూలై 5న బర్మింగ్‌హామ్‌లో బ్లాక్ సబ్బాత్ గాయకుడు ఆజీ ఆస్బోర్న్ పార్కిన్సన్స్‌తో సింహాసనంలో కూర్చుని పాడాడు, జూలై 22న కన్నుమూశాడు. అట్లాంటి రాత్రికి ట్యూనర్ యాప్ జేబులోనే ఉండాలి. అది వీడ్కోలు.

తిరుగు దారి, రాసుకోవడం

బెంగళూరులో బయటి మైదానాల్లో కచేరీ రాత్రి పదికి ఆపాలి. ప్యాలెస్ గ్రౌండ్స్ అయితే అనంతపురం వాళ్లకు కలిసొస్తుంది. బళ్లారి రోడ్డు మీదే ఉంది కాబట్టి మెజెస్టిక్ దాకా వెనక్కి పోకుండా, టికెట్ తీసుకునేటప్పుడే హెబ్బాళలో ఎక్కుతామని పెట్టుకోండి. మేఖ్రీ సర్కిల్ దాటేసరికే గంట పట్టొచ్చు, బస్సు పదకొండున్నర తర్వాతదై ఉండాలి. రాయచోటి, మదనపల్లె మీదుగా పోయే కడప వాళ్లు హోస్కోటె వైపు ఊరు దాటాల్సి ఉంటుంది, ఇంకో గంట కలుపుకోండి. కర్నూలు వాళ్లకు హైదరాబాదు కచేరీ దగ్గర.

బస్సులో కూర్చోగానే, ఇంకెవరితోనూ మాట్లాడకముందే, ఐదు పాటలకూ ఒక్కో వాక్యం రాసేయండి: శ్రుతి, వేగం, పై స్వరం దగ్గర ఏం చేశాడు, ఒళ్లు జలదరించిందా లేదా. చివరిది కూడా కొలతే, దాన్ని వదలొద్దు. ఎక్కడ నిల్చున్నారో, స్టేజీకి ఎన్ని మీటర్లో కూడా రాయండి. డెస్క్ దగ్గర విన్నవాడూ బారికేడు దగ్గర విన్నవాడూ వాదించుకునేటప్పుడు ముందు తేల్చాల్సింది అదే. చెవిలో హోరు ఉంటే ఆ రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకోవద్దు. మరుసటి రోజు సాయంత్రానికీ తగ్గకపోతే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.