కొత్త బాయిలర్ రెండు నిమిషాలకే ఆగిపోతోందా? నా అనుభవం

ఇంట్లో గదులను వెచ్చబరిచే పాత రేడియేటర్లకు (వేడినీళ్లు తిరిగే ఇనుప పలకలకు) కొత్త గ్యాస్ బాయిలర్ పెట్టించిన మూడో వారం నుంచి ఒకటే టెన్షన్. కుళాయిలో వేడినీళ్లు బాగానే వచ్చేవి. హీటింగ్ వేస్తే మాత్రం మంట వెలిగి రెండు నిమిషాల్లో ఆగిపోయేది. థర్మోస్టాట్ బ్యాటరీలు మార్చడం, రీసెట్, రేడియేటర్లలో గాలి తీయడం, ఏదీ పనిచేయలేదు.

చివరికి కింద పైపులకు చెయ్యి ఆనించి చూశాను. వేడినీళ్లు వెళ్లే పైపు కాలిపోతోంది, తిరిగొచ్చేది చల్లగా ఉంది. అంటే నీళ్లు సరిగా తిరగడం లేదు, అందుకే బాయిలర్ త్వరగా వేడెక్కి ఆగిపోతోంది! తిరిగొచ్చే పైపు మీద మాగ్నెటిక్ ఫిల్టర్ (నీళ్లలోని తుప్పును అయస్కాంతంతో పట్టేది) ఉంది. దాన్ని శుభ్రం చేశాను.

ముందు బాయిలర్ ఆపి పూర్తిగా చల్లారనిచ్చాను. ఫిల్టర్‌కు రెండు వైపులా ఉన్న వాల్వులు మూసి, కింద గిన్నె పెట్టి, పైన గాలి స్క్రూ వదులు చేసి, తర్వాతే మూత విప్పాను. అయస్కాంతం చుట్టూ కాటుకలాంటి నల్లటి ముద్ద, వేలెడు మందాన! పాత రేడియేటర్లలోని తుప్పు అది. తుడిచి, రబ్బరు రింగు సరిగ్గా కూర్చోబెట్టి బిగించాను. వాల్వులు తెరిచి, గాలి వదిలి, ప్రెషర్ 1.2 బార్‌కు తెచ్చి, నీళ్లు నింపే వాల్వు మూశాను. అరగంటలో రేడియేటర్లన్నీ వేడెక్కాయి.

అందరికీ ఇదే కారణమని చెప్పలేను. పంపు పాడైనా, వాల్వు మూసుకుపోయినా లక్షణాలు ఇలాగే ఉంటాయి. గ్యాస్ భాగాల జోలికి, బాయిలర్ కవర్ జోలికి మాత్రం దయచేసి వెళ్లకండి, అది లైసెన్స్ ఉన్నవాళ్ల పని. పది రోజులకు మళ్లీ విప్పితే కొద్దిగా నలుపు కనిపించింది. సిస్టమ్ మొత్తం ఫ్లష్ చేయించాలనుకుంటున్నాను, అంటే పైపులు, రేడియేటర్లు లోపల కడిగించాలని.