మెషిన్ ఖాళీ, ఆర్డర్ మాత్రం లేటు

బెంగళూరు బొమ్మసంద్రలో ఒక టాబ్లెట్ల ప్లాంటుకు ప్లానింగ్ చూస్తాను. సాఫ్ట్‌వేర్ రిపోర్టులో పొడిని టాబ్లెట్లుగా నొక్కే కంప్రెషన్ మెషిన్లకు ఎప్పుడూ బోలెడు తీరిక కనిపించేది; డిస్పాచ్ మాత్రం వెనకబడేది. "నీ కంప్యూటర్‌కు కడిగేది తెల్దబ్బా" అన్నారు ప్రొడక్షన్‌లోని అనంతపురం పెద్దాయన. అసలు సంగతి అక్కడే ఉంది.

సాఫ్ట్‌వేర్‌లో చేంజోవర్‌కు, అంటే ఒక బ్యాచ్ ముగిశాక మెషిన్‌ను తర్వాతిదానికి సిద్ధం చేయడానికి, ఎప్పుడూ ఒకటే సమయం. ఫ్లోర్ మీద అలా కుదరదు. అదే మందు మరో బ్యాచ్ అయితే పైపై క్లీనింగ్ చాలు. మందు మారితే భాగాలు విప్పి కడగాలి, పాత మందు మిగిలిందేమో చూడ్డానికి స్వాబ్ (తుడిచిన నమూనా) తీయాలి, క్యూసీ (నాణ్యత పరీక్షల ల్యాబ్) ఫలితం వచ్చేదాకా మెషిన్ ఊరికే నిలబడాలి. తడి మందు గుళికల్ని వేడిగాలితో ఆరబెట్టే ఫ్లూయిడ్ బెడ్ డ్రయర్‌కైతే ఫింగర్ బ్యాగ్ (పొడి గాలితో పోకుండా ఆపే గుడ్డ ఫిల్టర్) కూడా మార్చాలి. ఒక మందుకు వాడింది ఇంకోదానికి వాడం. కడిగిన మెషిన్‌కు క్లీన్ హోల్డ్ టైమ్ (కడిగాక శుభ్రంగా ఉన్నట్టు లెక్కేసే గడువు) దాటిందా, మళ్ళీ కడగాల్సిందే.

అందుకని ఏ మందు తర్వాత ఏది వస్తే ఎంతసేపు పడుతోందో లాగ్‌బుక్‌ల నుంచి తీసి సెటప్ మ్యాట్రిక్స్ అనే పట్టిక నింపాను. సాఫ్ట్‌వేర్‌లో ముందే ఎక్కించి ఉన్న మాస్టర్ డేటా అంకెల్ని నమ్మలేదు. డ్రయర్‌ను, క్యూసీని కూడా రిసోర్సులుగా పెట్టి షెడ్యూలును ఫైనైట్ కెపాసిటీతో, అంటే ఒక్కోదాని సామర్థ్యానికి మించి పని వేయకుండా, నడిపాను. ఇరుకంతా డ్రయర్ దగ్గరే! కొత్త కంప్రెషన్ మెషిన్ కొందామన్న ప్రతిపాదన అక్కడితో ఆగింది.

ఇప్పుడు ఒకే మందు బ్యాచ్‌లను క్యాంపెయిన్‌గా వరసపెట్టి, తక్కువ స్ట్రెంగ్త్ (మందు మోతాదు) ఉన్నవి, రంగు లేనివి ముందు నడుపుతున్నాం. వాలిడేట్ చేసిన (పరీక్షించి నిర్ధారించిన) హద్దు దాటితే క్యూఏ (నాణ్యత హామీ విభాగం) ఒప్పుకోదు కాబట్టి ఒక క్యాంపెయిన్‌లో గరిష్ఠంగా ఎన్ని బ్యాచ్‌లో కూడా రూల్‌గా ఇచ్చాను. అర్జెంటంటూ సేల్స్ వాళ్ళు మధ్యలో దూరడం మాత్రం మానలేదు. అలాంటప్పుడు ఆ ఆర్డర్‌ను కలిపి ఒక ట్రయల్ షెడ్యూల్ నడిపి, వెనక్కి జరిగే బ్యాచ్‌ల జాబితా వాళ్ళకే పంపుతున్నాను.