డిస్క్ నుంచి ఫైలుకు – మూడవ పాఠం: ఐఎస్‌ఓను పాటలుగా విడదీయడం

గత పాఠం ముగిసేసరికి మీ ఎస్‌ఏసీడీ (సూపర్ ఆడియో సీడీ)లోని శబ్దమంతా ఒకే ఐఎస్‌ఓ ఫైలుగా, అంటే డిస్కుకు నకలుగా, హార్డ్ డిస్కులోకి చేరింది. కంప్యూటరులోని డీవీడీ డ్రైవు సీడీ పొర, ఎస్‌ఏసీడీ పొర రెండూ ఉన్న హైబ్రిడ్ డిస్కులో సీడీ పొరను మాత్రమే చదవగలదు గనుక, ఎస్‌ఏసీడీ పొరను ప్లేయరు ద్వారా నెట్‌వర్క్ మీదుగా తెచ్చుకున్నాము. ఈ పాఠంలో ఆ ఐఎస్‌ఓను పాటలుగా విడదీసి, తరువాత ఫ్లాక్ (నాణ్యత తగ్గకుండా కుదించే) ఫైళ్లుగా మారుద్దాము.

మొదటే ఒక హెచ్చరిక: పని పూర్తయ్యాక కూడా ఐఎస్‌ఓను చెరపవద్దు. స్థలం కలిసివస్తుందన్న ఆశతో నేను పన్నెండు డిస్కుల ఐఎస్‌ఓలను తొలగించి, మార్పిడిలో తప్పు జరిగిందని ఆ తరువాత తెలుసుకుని, అన్నింటినీ మళ్లీ మొదటి నుంచి చదివించవలసి వచ్చింది.

విడదీయడానికి ఎస్‌ఏసీడీ ఎక్స్‌ట్రాక్ట్ అనే ఉచిత ప్రోగ్రాము చాలు. అందులో రెండు చానళ్ల భాగాన్ని, డీఎస్‌ఎఫ్ అనే ఫైలు రూపాన్ని ఎంచుకోండి. డీఎఫ్‌ఎఫ్ అనే మరో రూపం కూడా అదే శబ్దాన్ని దాచుకుంటుంది గాని, పాట పేరు, గాయకుల పేర్లు వంటి వివరాలను ట్యాగులుగా రాసుకోవడానికి డీఎస్‌ఎఫ్ అనుకూలం. డిస్కులో శబ్దం డీఎస్‌టీ పద్ధతిలో కుదించి ఉంటే, దాన్ని విప్పమని కూడా చెప్పాలి. ఆ కుదింపులో నష్టమేమీ ఉండదు గనుక విప్పినా నాణ్యత తగ్గదు. ఒక్కో చానలుకు సెకనుకు 28,22,400 బిట్లు కావడంతో, స్టీరియో ఫైలు నిమిషానికి సుమారు 42 మెగాబైట్లు, గంటకు రెండున్నర గిగాబైట్లు ఆక్రమిస్తుంది.

డీఎస్‌డీని, అంటే ఎస్‌ఏసీడీలో శబ్దం ఉండే ఒక్క బిట్టు రూపాన్ని, నేరుగా పలికించగల డీఏసీ (డిజిటల్ సంకేతాన్ని అనలాగ్‌గా మార్చే పరికరం) మీ దగ్గర ఉంటే ఇక్కడే ఆగవచ్చు. లేనివారు ఫూబార్2000 అనే మ్యూజిక్ ప్లేయరు ప్రోగ్రాములో ఎస్‌ఏసీడీ కాంపొనెంటును చేర్చుకుని 24 బిట్ల ఫ్లాక్‌గా మార్చుకోవాలి. చాలామంది తడబడేది శాంప్లింగ్ రేటు (సెకనుకు ఎన్ని నమూనాలు తీయాలన్న లెక్క) దగ్గరే. 28,22,400ను 32తో భాగిస్తే 88,200, 16తో భాగిస్తే 1,76,400 వస్తాయి; 96,000తో భాగిస్తే మాత్రం 29.4 అనే అతకని సంఖ్య వస్తుంది. అందువల్ల 88.2 లేదా 176.4 కిలోహెర్ట్జ్‌ను ఎంచుకోవడమే సరళం. నా ఓటు 88.2కే. ఒక్క బిట్టుతో నమోదయ్యే డీఎస్‌డీలో పుట్టే రొదను 20 కిలోహెర్ట్జ్‌కు పైకి, అంటే మన చెవి అందుకోలేని మేరకు, నెట్టివేస్తారు, 176.4లో ఆ రొద చాలావరకు ఫైలులోకి వచ్చి, సంగీతానికి ఏమీ చేర్చకుండానే ఫైలు పరిమాణాన్ని పెంచుతుంది.

ఇక స్థాయి. మార్పిడి తరువాత శబ్దం సీడీకన్నా మెల్లగా వినిపిస్తే కంగారు పడవద్దు. ఎస్‌ఏసీడీ సున్నా స్థాయిని పీసీఎం (సీడీ, ఫ్లాక్‌లలో శబ్దం ఉండే రూపం) గరిష్ఠానికి 6 డెసిబెల్లు తక్కువగా లెక్కిస్తారు. అయితే ఆ 6 డెసిబెల్లను కళ్లు మూసుకుని కలపకూడదు, ఎందుకంటే ప్రమాణం ప్రకారమే క్షణికమైన శిఖరాలు ఆ సున్నాను దాటి సుమారు 3 డెసిబెల్ల వరకు వెళ్లవచ్చు. మొదట ఏమీ కలపకుండా మార్చి, ఆల్బమ్ మొత్తంలో అతి ఎత్తయిన శిఖరం ఎక్కడుందో ఫూబార్‌లోని రీప్లేగెయిన్ (శబ్ద స్థాయిని కొలిచే) స్కానుతో చూసి, గరిష్ఠానికి ఎంత ఖాళీ ఉందో అంతకు కాస్త తక్కువగా కలిపి మళ్లీ మార్చండి. పాటకొక లెక్క పనికిరాదు; అన్ని పాటలకూ ఒకే పెంపు ఉండాలి.

చివరి చిక్కు పాటల అతుకుల దగ్గర. డీఎస్‌ఎఫ్ ఫైలులో చానలుకు 4,096 బైట్ల చొప్పున గళ్లు ఉంటాయి; చివరి గడి నిండకపోతే మిగిలిన చోటును సున్నాలతో నింపుతారు. డీఎస్‌డీలో వరుస సున్నాలంటే నిశ్శబ్దం కాదు, ఒకవైపు పూర్తిగా ఒరిగిన సంకేతం. ఆ నింపుడును వదిలివేయని ప్రోగ్రాముతో మారిస్తే పాట చివర ‘టప్’మని చప్పుడు వస్తుంది. పాటలు ఒకదానిలోకి ఒకటి ఒదిగిపోయే ఆల్బమ్‌లో, ఉదాహరణకు 2003లో హైబ్రిడ్ ఎస్‌ఏసీడీగా వచ్చిన పింక్ ఫ్లాయిడ్ ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’లో, ఇది భరించరానిది. అలాంటి డిస్కును ఎడిట్ మాస్టర్ రూపంలో ఒకే పొడవైన డీఎఫ్‌ఎఫ్‌గా, క్యూ షీటుతో (ఏ పాట ఎక్కడ మొదలవుతుందో చెప్పే జాబితాతో) సహా తీసి, మొత్తాన్ని ఒకేసారి ఫ్లాక్‌గా మార్చి, ఆ తరువాతే క్యూ షీటు ప్రకారం కోయండి.

అభ్యాసం: ఒకే ఆల్బమ్‌ను రెండు విధాలా మార్చి, మొదటి రెండు పాటల మధ్య పది సెకన్లను హెడ్‌ఫోన్లలో పోల్చి వినండి. ట్యాగులు, ముఖచిత్రాలు వచ్చే పాఠంలో.