స్టాండెన్ ఇంటి నిర్మాణాన్ని పరిశీలించే పద్ధతి

ఇంగ్లండ్‌లోని వెస్ట్ ససెక్స్‌లో, ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ పట్టణానికి దగ్గరలో స్టాండెన్ అనే ఇల్లు ఉంది. లండన్ న్యాయవాది జేమ్స్ బీల్, ఆయన భార్య మార్గరెట్ తమ ఏడుగురు పిల్లలతో సెలవులు గడపడానికి దీనిని కట్టించుకున్నారు. వాస్తుశిల్పి ఫిలిప్ వెబ్ 1891లో నమూనాలు గీయడం మొదలుపెట్టగా, 1894 నాటికి ఇల్లు పూర్తయింది. 1972లో, చారిత్రక కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతికి వచ్చిన ఈ కట్టడానికి ఇప్పుడు అత్యున్నత శ్రేణి చట్టరక్షణ ఉంది. దీనిని చూడబోయేవారు ఇది ఏ శైలి అన్న ప్రశ్నను పక్కన పెట్టి, ఏ గోడను దేనితో, ఎందుకు కట్టారో గమనించడం మంచిది.

లోపలికి వెళ్లే ముందు ముంగిట ఆగి, పక్కనే ఉన్న పాత రైతు ఇంటిని చూడండి. కొత్త భవనం కోసం దానిని కూల్చకుండా, దానికి అనుసంధానమయ్యేలా వెబ్ తన కట్టడాన్ని అమర్చారు. 1877లో, గోడ కాగితాలకు, బట్టలకు నమూనాలు గీసిన కళాకారుడు విలియం మోరిస్‌తో కలిసి పురాతన కట్టడాల పరిరక్షణ సంఘాన్ని నెలకొల్పిన మనిషి ఆయన. తాను నమ్మినదాన్నే ఇక్కడ ఆచరించారు.

తరువాత దక్షిణపు తోటలోకి వెళ్లి, గోడను కింది నుంచి పైకి చూసుకుంటూ రండి. అడుగున రాయి, ఇటుక. ఆ పై అంతస్తుకు వరుసలుగా తాపడం చేసిన మట్టి పెంకులు. అన్నిటికంటే పైన, కప్పు వాలుల మధ్య లేచిన ఐదు ముక్కోణపు గోడలకు అడ్డంగా బిగించిన చెక్క పలకలు కనిపిస్తాయి. ఇవన్నీ ఆ ప్రాంతపు పల్లె ఇళ్లలో తరతరాలుగా వాడుకలో ఉన్నవే. ఒక పదార్థం ముగిసి మరొకటి మొదలయ్యే చోటును దగ్గరగా పరిశీలించాలి. పై వరుస పెంకు అంచు కింది పెంకును కప్పుతుంది కనుక, వాన నీరు లోపలి గోడను తాకకుండా జారిపోతుంది. అలంకారంగా కనిపించే ఆ తాపడం నిజానికి గోడకు తొడిగిన వాన కోటు. అందుకే ఈ భాగానికి ఎక్కువ సమయం కేటాయించమంటాను. గరుకు పూత పూసిన ఎత్తైన గోపురం కూడా ఆడంబరానికి కట్టినది కాదు, ఇంటికి కావలసిన నీటి తొట్టెల కోసం కట్టినది.

లోపల, ఈ ఇంటికి మొదటి నుంచే విద్యుద్దీపాలు ఉన్నాయని గుర్తుంచుకోవాలి. పెద్ద కూర్చునే గదిలో గోడ దీపాల వెనుక ఉన్న రాగి రేకులకు వెబ్ స్వయంగా నమూనా గీశారు. వాటిపై ఉబ్బెత్తుగా తీర్చిన పొద్దుతిరుగుడు పువ్వును, అదే గది గోడలకు అతికించిన, మోరిస్ గీసిన గోడ కాగితంపై ఉన్న పువ్వులతో పోల్చి చూడండి.