కార్టిసాల్ రిపోర్టులో ముందు టైం చూడండి

కాకినాడలో ఒక ల్యాబులో రక్తం తీసే పని నాది. కార్టిసాల్ రిపోర్టు పట్టుకుని టెన్షన్‌గా వచ్చేవాళ్లకు ముందు శాంపిల్ తీసిన టైం చూపిస్తాను. అంకె సంగతి ఆ తర్వాతే.

మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే ఈ హార్మోన్‌ను రోజంతా ఒకే తీరుగా వదలవు. తెల్లవారుజాము నుంచి పెరుగుతూ, నిద్ర లేచిన అరగంటకో ముప్పావుగంటకో బాగా పైకి వెళ్తుంది. తర్వాత దిగుతూ వచ్చి అర్ధరాత్రికి అట్టడుగున ఉంటుంది. ఉదయం 8 గంటలకు డెసిలీటరుకు 14 మైక్రోగ్రాములు వస్తే మామూలే. అదే 14 అర్ధరాత్రి వస్తే డాక్టరు ఇంకా పరీక్షలు రాస్తారు. నైట్ డ్యూటీ చేసేవాళ్లకు ఈ లెక్క తారుమారవుతుంది, కాబట్టి ఎప్పుడు పడుకుని ఎప్పుడు లేస్తారో ముందే చెప్పండి.

ఉదయం రేంజ్ చాలాచోట్ల డెసిలీటరుకు సుమారు 5 నుంచి 25 మైక్రోగ్రాములు. ల్యాబును బట్టి మారుతుంది, మీ రిపోర్టులో అచ్చయిన రేంజ్‌తోనే పోల్చుకోండి. యూనిట్ కూడా చూడండి. లీటరుకు నానోమోల్స్‌లో 386 అని ఉంటే కంగారు వద్దు, అది ఆ 14 మైక్రోగ్రాములే.

నేను గట్టిగా అడిగేది మందుల గురించి. ప్రెడ్నిసొలోన్, ఆస్తమా ఇన్‌హేలర్, మోకాలికి వేయించుకున్న స్టెరాయిడ్ ఇంజెక్షన్, ముఖం తెల్లబడాలని రాసే క్రీము, ఎవరో ఇచ్చిన కీళ్లనొప్పుల పొడి, అన్నీ చెప్పండి. స్టెరాయిడ్ ఉన్నవి సొంత కార్టిసాల్‌ను అణిచేయగలవు. కొన్ని మెషిన్లు ప్రెడ్నిసొలోన్‌నే కార్టిసాల్‌గా లెక్కేస్తాయి. ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు, గర్భం అంకెను పెంచుతాయి. అలాగని పరీక్ష కోసం స్టెరాయిడ్ మీరే ఆపేయకండి, ప్రాణం మీదకు రావచ్చు.

ఉదయం 3 కంటే తక్కువొస్తే ఆలస్యం చేయకుండా ఎండోక్రినాలజిస్టును, అంటే హార్మోన్ల డాక్టరును కలవండి. వాంతులు, కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం తోడైతే నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లాలి.

ఎక్కువొస్తే మాత్రం ఒక్క రిపోర్టుతో కుషింగ్స్ (ఒంట్లో కార్టిసాల్ మితిమీరే జబ్బు) అని తేల్చరు. రాత్రి 11కి 1 మిల్లీగ్రాము డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మాత్ర ఇచ్చి, పొద్దున 8కి రక్తం తీయిస్తారు. అప్పుడు 1.8 లోపు రావాలి. లేదా రాత్రి లాలాజలం, 24 గంటల మూత్రం అడుగుతారు. మూత్రానికి మొదటి రోజు లేవగానే వచ్చింది పారబోసి, ఆ టైం రాసుకోండి. అప్పటి నుంచి మర్నాడు అదే టైంకి వచ్చేదాన్ని కూడా కలిపి అంతా క్యాన్‌లోనే పట్టాలి. మధ్యలో ఒక్కసారి బయట పోయినా దాచకుండా చెప్పండి, కొత్త క్యాన్ ఇస్తాం.