లారీ డీజిల్ ఇంజిన్‌కు కూలెంట్ ఫిల్టర్ బిగించే పద్ధతి

ఇంజిన్ ఆయిల్‌కు ఫిల్టర్ ఉంటుంది, డీజిల్‌కు ఒకటో రెండో ఉంటాయి, లోపలికి పీల్చే గాలికీ ఉంటుంది. రోజంతా బ్లాక్‌కూ రేడియేటర్‌కూ మధ్య తిరుగుతూ ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్‌కు మాత్రం మన రోడ్ల మీద కనిపించే చాలా లారీల్లో ఏ ఫిల్టరూ ఉండదు. పెద్ద ఇంజిన్లు కొన్నింటికి కంపెనీవారే దీన్ని అమర్చి పంపుతారు. లేని ఇంజిన్‌కు బయట నుంచి బిగించుకోవడం కష్టమైన పని కాదు. పైపు ఎక్కడి నుంచి తీసి ఎక్కడ కలపాలో తెలియకుండా మొదలుపెడితే మాత్రం ఫిల్టర్ అలంకారంగా మిగిలిపోతుంది, లేదా కొత్త లీకేజీకి కారణమవుతుంది.

ఈ ఫిల్టర్ పట్టేది ఏమిటో ముందు తెలుసుకోవాలి. బ్లాక్‌ను పోతపోసినప్పుడు మూలల్లో మిగిలిపోయిన ఇసుక, ఇనుము నుంచి రాలే తుప్పు, గ్యాస్కెట్‌కు పూసిన సీలెంట్ తునకలు, బోరు నీళ్లు పోయడం వల్ల పేరుకున్న సున్నపు పొర పెచ్చులు కూలెంట్‌తోపాటు తిరుగుతూ వాటర్ పంపు సీలును అరగదీస్తాయి, రేడియేటర్ గొట్టాల్లోనూ ఆయిల్ కూలర్ సందుల్లోనూ చేరి దారి మూసేస్తాయి. అమెరికాలో 2003 నుంచి 2007 వరకు ఫోర్డ్ పెద్ద పికప్ ట్రక్కుల్లో వచ్చిన 6.0 లీటర్ల పవర్ స్ట్రోక్ డీజిల్ ఇంజిన్ దీనికి అందరూ చెప్పే ఉదాహరణ. దాని ఆయిల్ కూలర్‌లోని సన్నని దారులు ఇసుకతో, కూలెంట్ నుంచి విడిపోయిన జిగురుతో పూడుకుపోయేవి. ఆ కూలర్ దాటి వచ్చే కూలెంట్ మీదే ఆధారపడిన ఇ.జి.ఆర్. కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లబరిచేది) అది అందక పగిలేది. ఆ బండ్ల యజమానులు ఇంజిన్ బాగా వేడెక్కాక హైవే మీద ఒకే వేగంతో నడుపుతూ ఆయిల్ వేడినీ కూలెంట్ వేడినీ పోల్చి చూస్తారు. తేడా 15 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో సుమారు 8 డిగ్రీలు దాటితే కూలర్ మూసుకుపోతున్నట్లు భావిస్తారు. కూలెంట్ ఫిల్టర్ అనే మాట పికప్ యజమానుల నోట అంతగా నానడానికి ఆ ఇంజిన్ ఒక ముఖ్య కారణం.

అయితే రేడియేటర్ మూత తీసి చూసినప్పుడు కూలెంట్ మజ్జిగలా కనిపిస్తున్నా, ఇంజిన్ నడుస్తుండగా బుడగలు ఆగకుండా వస్తున్నా, అది ఫిల్టర్‌తో తీరే వ్యవహారం కాదు. మొదటిది ఆయిల్ కలిసినందుకు, రెండోది హెడ్ గ్యాస్కెట్ దగ్గర మంట వాయువు చొరబడుతున్నందుకు గుర్తు కావచ్చు. ఆ రిపేరు ముగించాకే ఫిల్టర్ మాట ఎత్తాలి. బండి ఇంకా వారంటీలో ఉంటే పైపుల జోలికి వెళ్లే ముందు కంపెనీ సర్వీసు సెంటర్‌లో అడగడం మేలు.

దుకాణంలో రెండు రకాల ఫిల్టర్లు దొరుకుతాయి, బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఒకదానిలో వడపోత కాగితంతోపాటు కూలెంట్‌లో నెమ్మదిగా కరిగే రసాయనం ఉంటుంది, రెండోదానిలో కాగితం మాత్రమే ఉంటుంది. తడి లైనర్లున్న, అంటే పిస్టన్ ఆడే గొట్టం బయటి వైపు నేరుగా కూలెంట్ తగిలే ఇంజిన్‌లో పిస్టన్ దెబ్బకు లైనరు గోడ అదురుతుంది, ఆ అదురుకు నీటి వైపున పుట్టే సన్నని బుడగలు పగిలినప్పుడల్లా లోహాన్ని కొద్దికొద్దిగా కొరికేస్తాయి, చివరికి సూది మొన అంత రంధ్రం పడి కూలెంట్ లోపలికి దిగుతుంది. పాత పద్ధతి కూలెంట్‌లోని నైట్రైట్ లైనరు మీద పలుచని పొర కట్టి దీన్ని అడ్డుకుంటుంది. వాడకంలో తరిగిపోయే ఆ నైట్రైట్‌ను భర్తీ చేయడానికే రసాయనం ఉన్న ఫిల్టర్ పుట్టింది. ఈనాటి లాంగ్ లైఫ్ కూలెంట్లు ఎక్కువగా సేంద్రియ ఆమ్లాలతో తయారవుతాయి, వాటికి ఈ భర్తీ అక్కర్లేదు. అందులోకి రసాయనం ఫిల్టర్ బిగిస్తే ఆ కూలెంట్ గుణం చెడుతుంది. పాత రకంలో కూడా మోతాదు మించితే రసాయనం విడిపోయి జిగురుగా మారుతుంది, మనం తీసేయాలనుకున్న చెత్తను మనమే తయారు చేసినట్లవుతుంది. మీ బండిలో ఏ కూలెంట్ ఉందో కచ్చితంగా తెలియకపోతే కాగితం మాత్రమే ఉన్న ఫిల్టర్ కొనండి. రంగు చూసి రకం చెప్పే మేస్త్రీలున్నారు గానీ, రంగు కంపెనీ ఇష్టం. దాన్ని నమ్మకూడదు.

ఇక పైపులు కలపవలసిన చోటు. ఫిల్టర్‌ను ప్రధాన దారిలో అడ్డంగా పెట్టకూడదు, పక్కదారిలో పెట్టాలి. పెద్ద కాలువకు ఎగువన తూము పెట్టి, పిల్ల కాలువ గుండా మళ్లించి, దిగువన మళ్లీ అదే కాలువలో కలిపినట్లన్నమాట. కొద్దిపాటి కూలెంటే ఆ దారిన పోతుంది, కానీ గంటల తరబడి తిరుగుతుంది కాబట్టి చివరికి మొత్తం శుభ్రపడుతుంది. ఫిల్టర్ పూర్తిగా మూసుకుపోయినా ఇంజిన్‌కు అందవలసిన ప్రవాహం తగ్గదు. పిల్ల కాలువలో నీరు పారాలంటే వాలు ఉండాలి. ఇక్కడ ఆ వాలు ఒత్తిడిలో తేడా. వాటర్ పంపు నెట్టే వైపున, అంటే బ్లాక్ మీదనో సిలిండర్ హెడ్ మీదనో ఒత్తిడి ఎక్కువ. రేడియేటర్ నుంచి పంపులోకి వచ్చే కింది పైపు వైపున తక్కువ. మొదటి చోటు నుంచి తీసి రెండో చోట కలపాలి.

చలిదేశాల్లో క్యాబిన్ హీటర్ కోసం బ్లాక్‌కు గానీ హెడ్‌కు గానీ ఒక రంధ్రం విడిచిపెడతారు. మన మైదానాల్లో తిరిగే లారీల్లో చాలావాటికి హీటర్ ఉండదు కనుక చాలా ఇంజిన్లలో అది ప్లగ్గుతో మూసి ఉంటుంది. వర్క్‌షాప్ మాన్యువల్‌లో చూసి అదే రంధ్రమని నిర్ధారించుకుని, ప్లగ్గు తీసి అదే మరకు సరిపోయే ఇత్తడి నిప్పుల్ (హోస్ తొడిగే చిన్న గొట్టం ముక్క) బిగిస్తే సరిపోతుంది. హీటర్ ఉన్న బండి అయితే హీటర్‌కు వెళ్లే హోస్‌ను కోసి టీ జాయింట్ పెట్టుకోవచ్చు. రేడియేటర్ పై హోస్ నుంచి మాత్రం తీయవద్దు, ఎందుకంటే ఇంజిన్ వేడెక్కాకే రేడియేటర్‌కు దారి వదిలే వాల్వు, అంటే థర్మోస్టాట్ తెరుచుకునే దాకా అక్కడ ప్రవాహమే ఉండదు. తిరుగు పైపును ఒత్తిడి లేని ప్లాస్టిక్ రిజర్వు డబ్బాలో వేయడం ఇంకా పెద్ద తప్పు. అది ఇంజిన్‌లోని కూలెంట్‌ను తోడి బయట పోసినట్లే. ఒత్తిడి మూత బిగించి ఉండే ఎక్స్‌పాన్షన్ ట్యాంకు అయితే ఫరవాలేదు.

సామానులో మొదటిది ఫిల్టర్ హెడ్, అంటే హోస్‌లు కలిసే, ఫిల్టర్‌ను తిప్పి బిగించే పీఠం, దానికి సరిపోయే ఫిల్టర్. ఈ రకం ఫిల్టర్లలో ఎక్కువగా కనిపించే మర 11/16 అంగుళం, అంగుళానికి 16 చుట్లు. వేడికి ఓర్చే హీటర్ హోస్, స్క్రూ తిప్పి బిగించే స్టీలు క్లిప్పులు, రెండు ఇత్తడి బాల్ వాల్వులు, నిప్పుల్స్, మందపాటి ఇనుప రేకు బ్రాకెట్ ఉంటే చాలు. ఇంటి ప్లంబింగుకు వాడే జీఐ ఫిట్టింగులు చవకగా దొరుకుతాయి గానీ, వాటి జింకు పూత కూలెంట్‌లో కరిగి మడ్డిగా మారుతుంది. కిట్‌తోపాటు వచ్చే సన్న రంధ్రపు నిప్పుల్‌ను డ్రిల్లుతో పెద్దది చేయవద్దు. పక్కదారిన పోయే కూలెంట్ రేడియేటర్‌లో చల్లబడకుండానే తిరిగి వస్తుంది కాబట్టి ఆ దారి ఇరుకుగా ఉండటమే మంచిది.

పని మొదలుపెట్టే నాటికి ఇంజిన్ రాత్రంతా చల్లారి ఉండాలి. మామూలు గాలి ఒత్తిడి మీద ఇంకో 1 బార్ ఉన్నప్పుడు నీరు 120 డిగ్రీల దాకా మరగదు, మూత తీసి ఆ ఒత్తిడి ఒక్కసారి వదిలితే మాత్రం ఆ క్షణమే ఆవిరై ముఖం మీదికి ఎగదన్నుతుంది. చల్లబడ్డాక మూత తీసి, రేడియేటర్ కింది డ్రెయిన్‌నూ బ్లాక్ పక్కనున్న డ్రెయిన్ ప్లగ్గునూ రెండింటినీ విప్పాలి. బ్లాక్ ప్లగ్గును చాలామంది వదిలేస్తారు, మడ్డి ఎక్కువగా కూర్చునేది అక్కడే. పాత కూలెంట్‌ను డబ్బాలో పట్టి మూత పెట్టండి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, షెడ్డు ముందు తిరిగే కుక్కలు నాకితే బతకవు. తరువాత శుభ్రమైన నీటితో నింపి, ఇంజిన్‌ను థర్మోస్టాట్ తెరుచుకునే దాకా నడిపి, చల్లార్చి, వదలాలి. తెల్లని సీసాలో పట్టి చూస్తే నీరు తేటగా కనిపించేదాకా ఈ పని మళ్లీ మళ్లీ చేయాలి. పల్నాడు వంటి సున్నపురాయి నేలల్లో బోరు నీళ్లతో నడిచిన బండికి ఒక పూట పట్టినా ఆశ్చర్యం లేదు. ఫ్లషింగ్ ఎగ్గొట్టి ఫిల్టర్ బిగిస్తే అది వారం తిరగకుండానే నిండిపోతుంది.

ఫిల్టర్ హెడ్‌ను మర కిందికి ఉండేలా, ఫిల్టర్ డబ్బా నిటారుగా వేలాడేలా, రేడియేటర్ పైభాగం కన్నా తక్కువ ఎత్తులో బిగించాలి. అప్పుడు అందులో గాలి నిలవదు, మార్చేటప్పుడు కూలెంట్ ఒలకదు. సైలెన్సర్ పైపుకూ ఫ్యాను రెక్కలకూ దూరంగా ఉండాలి. బ్రాకెట్‌ను ఛాసిస్‌కు బిగించాలనుకుంటే హోస్ పొడవు విషయంలో జాగ్రత్త అవసరం. ఛాసిస్ కదలదు, ఇంజిన్ మాత్రం రబ్బరు మౌంటింగుల మీద ఊగుతూనే ఉంటుంది. ఈ సంగతి నేను నష్టపోయి నేర్చుకున్నాను. మొదటిసారి బిగించినప్పుడు చూడటానికి నీటుగా ఉంటుందని హోస్‌ను బిగుతుగా కోశాను. అరకు ఘాట్‌లో లోడుతో ఎక్కుతుండగా నిప్పుల్ నుంచి హోస్ ఊడి, కూలెంట్ అంతా రోడ్డు పాలైంది. వెంటనే ఇంజిన్ ఆపబట్టి సిలిండర్ హెడ్ దక్కింది. నాటి నుంచి ప్రతి హోస్‌నూ జానెడు అదనంగా ఉంచి, ఒక వంపు తిప్పి, రాపిడి తగిలే చోట పాత హోస్ ముక్కను తొడుగుతున్నాను.

నిప్పుల్ మరకు టెఫ్లాన్ టేపును మర తిరిగే దిక్కునే చుట్టాలి, మొదటి చుట్టును ఖాళీగా వదలాలి. లేకపోతే తెగిన టేపు ముక్క నేరుగా కూలెంట్‌లోకి పోతుంది. రెండు బాల్ వాల్వులనూ ఫిల్టర్ హెడ్‌కు అటొకటి ఇటొకటి పెట్టండి. హెడ్ మీద గీసి ఉన్న బాణాలను చూసి, ఇంజిన్ నుంచి వచ్చే హోస్‌ను లోపలి దారికి, పంపుకు వెళ్లేదాన్ని బయటి దారికి కలపాలి. ఫిల్టర్‌ను ముందుగా కూలెంట్‌తో నింపి, రబ్బరు రింగుకు అదే కూలెంట్ రాసి, రింగు తగిలాక చేత్తో ముప్పావు చుట్టు నుంచి ఒక చుట్టు వరకు బిగిస్తే చాలు, పాన అక్కర్లేదు.

రెండు వాల్వులూ మూసి ఉంచి, సగం కూలెంట్ సగం డిస్టిల్డ్ వాటర్ కలిపి నెమ్మదిగా నింపండి. ఇంజిన్‌ను ఐడిల్‌లో నడిపి, గాలి వదిలే స్క్రూ ఉంటే అది తెరిచి, బుడగలు ఆగాక ముందు తిరుగు వైపు వాల్వును, తరువాత వచ్చే వైపు వాల్వును తెరవాలి. మట్టం తగ్గినంత మేరకు కలపాలి. ప్రెజర్ టెస్టర్ ఉంటే, ఇంజిన్ చల్లారాక మూత మీద రాసి ఉన్న ఒత్తిడి వరకు పంపు కొట్టి పావుగంట చూడండి, ముల్లు దిగకూడదు. ఫిల్టర్ పని చేస్తోందో లేదో తెలుసుకోవడానికి చెయ్యే పరికరం: ఇంజిన్ వేడెక్కాక ఫిల్టర్ డబ్బా కూడా కొద్దిసేపట్లో చేయి ఆనించలేనంత వేడెక్కాలి. చల్లగానే ఉందంటే లోపల గాలి నిలిచి ఉండాలి, లేదా రెండు పైపులనూ ఒకే ఒత్తిడి ఉన్న చోట్ల కలిపి ఉండాలి. మొదటి ట్రిప్పు తరువాత చల్లారిన ఇంజిన్ మీద క్లిప్పులన్నిటినీ మరోసారి బిగించాలి, ఎందుకంటే వేడికి రబ్బరు కొంత నలిగి సర్దుకుంటుంది.

మొదటి ఫిల్టర్‌ను నేను 2,000 కిలోమీటర్లకే మారుస్తాను, రెండోదాన్ని 10,000కు, ఆపైన ఆయిల్ మార్పుతోపాటు. తీసిన మొదటి ఫిల్టర్‌ను కోసి చూడటం తప్పనిసరి. హాక్సాతో కోస్తే రంపపు పొడి కాగితం మీద పడి, అది ఇంజిన్ నుంచి రాలిన ఇనుమేమోనని అనవసరంగా బెంగపడతాం. ఫిల్టర్ కట్టర్ వాడాలి. కాగితం మడతలు విప్పి వార్తాపత్రిక మీద పరిచి ఆరనిస్తే సంగతి తెలుస్తుంది. వేళ్ల మధ్య గరగరలాడుతూ అయస్కాంతానికి అంటనిది పోత ఇసుక. అయస్కాంతానికి లేచి వచ్చే నల్లని పొడి ఇనుముకు సంబంధించినది. తెల్లని పెచ్చు మీద నిమ్మరసం పిండితే నురగ వస్తే అది సున్నం, అంటే ఎవరో దారిలో బోరు నీళ్లు పోశారన్నమాట. వేలికి జారుడుగా తగిలే జిగురు కనిపిస్తే రెండు రకాల కూలెంట్లు కలిశాయేమోనని అనుమానించి, మళ్లీ ఫ్లష్ చేయాలి.

డ్రైవర్‌కూ క్లీనర్‌కూ ఆ రెండు వాల్వులు ఎక్కడున్నాయో చూపించి, మూసే దిక్కును రంగుతో గుర్తు పెట్టండి. దారిలో ఫిల్టర్ దగ్గర కారితే బండి ఆపి, వాటిని రెండింటినీ మూసి, ఇంజిన్ చల్లారాక కూలెంట్ మట్టం సరిచేసుకుని బయలుదేరవచ్చు.