బూస్ట్ మీటరు తక్కువ చూపిస్తోందా? టర్బో జోలికి పోకముందు గొట్టం చూడండి

పాత టర్బో డీజిల్ బండికి బూస్ట్ మీటరు (టర్బో ఇంజిన్‌లోకి అదనంగా నెట్టే గాలి ఒత్తిడిని చూపేది) పెట్టించిన వారానికే "అన్నా, టర్బో పోయినట్టుంది" అని ఫోన్ చేసేవాళ్ల కోసం ఇది. టర్బో పోతే నీలిపొగ వస్తుంది, ఆయిల్ తగ్గుతుంది, కూత మారుతుంది. ఇవేవీ లేకుండా ముల్లు ఒక్కటే చెబితే నమ్మకండి. నేను చెప్పేదంతా సన్న గొట్టంతో పనిచేసే మెకానికల్ మీటర్ల సంగతి.

సమస్య: ఐడిల్‌లో వాక్యూమ్ (గాలి పీలుపు) చూపించట్లేదు, ముల్లు సున్నా దగ్గరే ఉంది.
డీజిల్ అంతే. పెట్రోల్ బండిలో థ్రాటిల్ గాలిని ఆపుతుంది కాబట్టి వాక్యూమ్ పుడుతుంది, డీజిల్‌లో గాలికి అలా అడ్డు పడదు. బాగుచేయడానికి ఇక్కడేం లేదు.

సమస్య: ఇంజిన్ ఆపి ఉంది. మీటరు సున్నా అంటుంది, ఫోన్లో ఓబీడీ యాప్ (బండి కంప్యూటర్ అంకెలు చూపే యాప్) 95 అంటుంది.
రెండూ నిజమే. యాప్ బయటి గాలి ఒత్తిడిని కూడా కలిపి కిలోపాస్కల్స్‌లో చెబుతుంది. హైదరాబాద్ ఎత్తులో అది 95 దరిదాపు, విశాఖలో 100 పైచిలుకు. బండి లాగేటప్పుడు వచ్చిన అంకెలోంచి దీన్ని తీసేయండి, మిగిలిందే బూస్ట్. 100 మిగిలితే 1 బార్, అంటే 14.5 పీఎస్ఐ.

సమస్య: ముల్లు 0.5 బార్ దాటట్లేదు, బండి మాత్రం ఇదివరకటికన్నా దూకుతోంది. హైవే మీద గట్టిగా తొక్కితే చెక్ లైటు వెలిగి పికప్ పడిపోతోంది.
జనం మోసపోయేది ఇక్కడే. మీటరు తక్కువ చూపిస్తోంది కదా అని యాక్చుయేటర్ (టర్బో ఒత్తిడిని అదుపు చేసే డబ్బా) రాడ్ బిగించి బూస్ట్ పెంచేస్తారు. నిజానికి ఇంజిన్‌లో బూస్ట్ అప్పటికే ఎక్కువైంది.

కారణం మీటరు గొట్టాన్ని కలిపే టీ జాయింట్ (T ఆకారపు ముక్క) ఎక్కడ వేశారన్నదే. పాత స్విఫ్ట్ డీడీఐఎస్ లాంటి మామూలు వేస్ట్‌గేట్ (ఒత్తిడి ఎక్కువైతే ఎగ్జాస్ట్‌ని పక్కకి వదిలే తలుపు) టర్బోల్లో గాలిని నొక్కే కంప్రెసర్ వైపు నుంచి యాక్చుయేటర్‌కి చిన్న గొట్టం ఉంటుంది. చెయ్యి అందుతుంది కాబట్టి ఫిట్టర్ దాన్నే కోసి టీ వేస్తాడు. తర్వాత మీటరు గొట్టం ఎగ్జాస్ట్ పక్కన వేడికి మెత్తబడుతుంది, లేదా ప్లాస్టిక్ టీకి వెంట్రుకవాసి పగులు వస్తుంది. గాలి అక్కడ కారిపోతుంది. మీటరుకి చేరేది తక్కువ, యాక్చుయేటర్‌కి చేరేదీ తక్కువే. ఒత్తిడి ఇంకా రాలేదనుకుని వేస్ట్‌గేట్ ఆలస్యంగా తెరుచుకుంటుంది, టర్బో అదుపు తప్పి ఊదుతుంది. ఈసీఎం (ఇంజిన్ కంప్యూటర్) అది చూసి ఇంజిన్ బలం తగ్గించేస్తుంది. ఐడిల్‌లో చెవి పెట్టి వింటే ఏమీ తెలియదు, అప్పుడక్కడ ఒత్తిడే ఉండదు.

చేయాల్సింది: టీ తీసేసి, యాక్చుయేటర్‌కి కోత లేని కొత్త గొట్టం వేసి, అదే రోడ్డు మీద తోలండి. దూకుడు తగ్గి లైటు రాకపోతే దొంగ దొరికినట్టే. తర్వాత మీటరు గొట్టానికి సైకిల్ పంపు తగిలించి 1 బార్ దాకా కొట్టి, పంపు వైపు గొట్టం మడిచి పట్టుకోండి. ముల్లు జారుతుంటే సబ్బు నీళ్లు రాసి బుడగ ఎక్కడొస్తుందో చూడండి. ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకు) రంధ్రం దగ్గర మరీ చూడండి, రేకు అంచు గొట్టాన్ని కోస్తుంది. టైరు షాపు కంప్రెసర్‌తో మాత్రం కొట్టొద్దు, మీటరు ఒక్క దెబ్బకి పోతుంది.

మళ్లీ బిగించేటప్పుడు ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే భాగం) వైపు వేరే పాయింట్ తీయించి, ఇత్తడి టీ, రెండు వైపులా క్లిప్పులు వేయించండి. యాక్చుయేటర్ గొట్టాన్ని ముట్టుకోనివ్వకండి. ఎస్ఎక్స్4 డీడీఐఎస్ లాంటి వీజీటీ (లోపలి రెక్కల కోణం మారే టర్బో) బళ్లలో యాక్చుయేటర్‌కి వెళ్లేది వాక్యూమ్, అక్కడ కలిపితే మీటరులో బూస్టే కనిపించదు.

సమస్య: మీటరు తక్కువ, బండి కూడా లాగట్లేదు, నల్లపొగ.
టర్బో నుంచి ఇంజిన్‌కి వెళ్లే పెద్ద హోస్ కింది వైపు చీలి ఉంటుంది. పైనుంచి చూసి బాగుందనకండి, చేత్తో వంచి చూడండి.

ముల్లు వణికితే గొట్టంలో సన్నరంధ్రం రెస్ట్రిక్టర్ వేస్తే సరి. మీటరే చెడిపోవడం, యాక్చుయేటర్ డయాఫ్రమ్ చిరగడం లాంటివి అరుదు. పైవన్నీ చూశాకే వాటి దగ్గరికి రండి.